బాయిలర్ బయట, నిప్పులూ బయటే

ఇల్లు కట్టేటప్పుడు నీళ్ల బాయిలర్ ఎక్కడ పెట్టాలో మేస్త్రీ చెప్తాడు. ఇంటాయన సరేనంటాడు. ప్లంబర్ వచ్చి పైపులు బిగించి వెళ్లిపోతాడు. చలికాలం పొద్దున ఐదింటికి లేచి దాని ముందు గొంతుక్కూర్చుని కట్టెలు తోసేది, పొగ మింగేది, బూడిద ఎత్తేది మాత్రం మనం. అందుకని ఆ చోటు ఏదో మనమే తేల్చాలంటాను. నా మాట ముందే చెప్పేస్తాను. కట్టెల బాయిలర్ మంచిదే. కానీ దాని చోటు బాత్రూం కాదు, వంటిల్లు కాదు, మెట్ల కింద మూసేసిన గూడు కాదు. ఆరుబయట ఉండాలి, పైన రేకు నీడ, పొగకు గొట్టం ఉండాలి. అలా పెట్టే వీలు లేని ఇంట్లో అసలు పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

నా పుట్టిల్లు పాలమూరు వైపు, అత్తిల్లు నల్లగొండ జిల్లా. రెండు చోట్లా చిన్నప్పటి నుంచి చూసింది ఒకటే: పెరట్లో మూడు రాళ్ల మీద మసిపట్టిన రాగి అండా, కింద కంది కట్టె, ఆముదం కట్టె. పొద్దున్నే దాని చుట్టూ చేరి చేతులు కాచుకునేవాళ్లం. తర్వాత గీజర్లు వచ్చాయి, అండాలు అటకెక్కాయి. ఇప్పుడు మళ్లీ ఇంటింటా బాయిలర్లు కనిపిస్తున్నాయి. దీనికి కారణం పాతకాలం మీద ప్రేమేం కాదు, లెక్క. 2024లో గృహజ్యోతి వచ్చినప్పటి నుంచి 200 యూనిట్ల లోపు వాడుకునే ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది కదా. నలుగురున్న ఇంట్లో రోజుకు 80 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల మేర వేడెక్కాలంటే దాదాపు 2 యూనిట్లు కాలుతుంది. అంటే నెలకు 60 యూనిట్లు ఒక్క స్నానాలకే. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటారు, టీవీ అన్నీ కలిపి 140లో సర్దుకోవాలి. 200 దాటితే ఆ నెల జీరో బిల్లు పోతుంది. గ్యాస్ మీద నీళ్లు కాస్తే సిలిండర్ పదిహేను రోజులకే ఊగడం మొదలుపెడుతుంది. అదే పత్తి ఏరడం అయిపోయాక చేనులో నిలబడ్డ కట్టె ఊరికే వస్తుంది. రోజూ ఒకటి రెండు కిలోలు కాలిస్తే ఇంటిల్లిపాది స్నానాలు అయిపోతాయి. ఈ లెక్క తెలిసిన ఆడవాళ్లను "గీజర్ పెట్టుకోండమ్మా, ఇంకా ఈ పొగేంది" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అయితే ఒక మాట. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలైంది, ఆ తర్వాత ఉజ్వల వచ్చింది. వంటింట్లో పొగ తగ్గించాలని అందరూ మాట్లాడారు. స్నానాల నీళ్ల పొగ గురించి మాట్లాడినవాళ్లు నాకు కనపడలేదు. వంట గ్యాస్ మీదికి మారింది, నీళ్లు కట్టెల మీదే ఉండిపోయాయి. ఇళ్లలో పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 2,37,000 మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలే. ఆ పొగకు అది వంట పొగా, నీళ్ల పొగా అన్న తేడా ఉండదు.

బాయిలర్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. అది పొడవాటి డ్రమ్ములా ఉంటుంది. మధ్యలో నిలువుగా ఒక గొట్టం, కింద చువ్వల జాలీ, జాలీ కింద బూడిద అర. గొట్టంలో కట్టె మండుతుంది, చుట్టూ ఉన్న నీళ్లు వేడెక్కుతాయి. పాత రకం వాటికి ఒక పక్క గరాటు, ఇంకో పక్క ముక్కు. గరాటులో చల్లనీళ్లు పోస్తే అన్నే వేడినీళ్లు ముక్కులోంచి బకెట్లో పడతాయి. మూత బిగించిన వస్తువు కాదు గనక అందులో ఆవిరి ఒత్తిడి పెరగదు. పేదింటి ఇంజినీరింగ్ అంటే ఇదీ అనిపిస్తుంది నాకు. మూడు రాళ్ల మీద అండా పెడితే మంట సగం పక్కలకే పోయేది, ఇందులో మంట చుట్టూ నీళ్లే ఉంటాయి కాబట్టి కట్టె తక్కువ పడుతుంది. తొందరగా కాగుతుంది.

ఇక చోటు సంగతి. బాత్రూంలోనే పెడితే బకెట్లు మోసే పని ఉండదని మేస్త్రీలు చెప్తారు. మా ఇంటి మేస్త్రీ కూడా అదే అన్నాడు. "వెంటిలేటర్ ఉన్నది గదక్కా, పొగంత అండ్లకెంచి పోతది, ఏం గాదు" అని. చలికాలం ఆ వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టేది మనమే కదా! పైగా అసలు ప్రాణం తీసేది కళ్లు మండించే పొగ కాదు. కట్టెగానీ బొగ్గుగానీ సరిపడా గాలి లేక మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఒంటికి గాలి అందదు. తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం, మత్తు. అప్పటికి తలుపు గడియ తీయాలన్న తెలివి కూడా ఉండదు. తలుపేసుకుని స్నానం చేసే గదిలో ఇలాంటిది పుట్టడం కంటే ప్రమాదం ఇంకేముంది? గ్యాస్ గీజర్‌ను బాత్రూంలో బిగించుకుని పోయినవాళ్ల వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. కట్టెల బాయిలర్‌ది కూడా అదే దారి.

మేం చివరికి పెరటి గోడ పక్కన, బాత్రూంకు ఐదారు అడుగుల దూరంలో పెట్టుకున్నాం. రెండు పక్కలు తెరిచి ఉన్న రేకుల పంచ. నేల మీద నాపరాయి ఉంటే దాని మీద నేరుగా పెట్టకండి, వేడికి పగులుతుంది. ఇటుకలు పరిచి, మట్టం సరిచూసి పెట్టుకోండి. నీళ్లు నిండితే అది మనిషంత బరువు ఉంటుంది, ఒరిగిందంటే మరుగుతున్న నీళ్లన్నీ కాళ్ల మీదే. పొగగొట్టం రేకు దాటి పైకి పోవాలి, పక్కింటి కిటికీకి ఎదురుగా ఆగకూడదు. వానకు టోపీ పెట్టించండి. గొట్టం రేకును దాటే చోట కర్ర దూలం గానీ తడక గానీ తగలకుండా ఖాళీ వదలాలి. మాకు గాలి ఎటు కొడుతుందో చూడ్డానికి ఒక అగరొత్తి వెలిగించి వారం రోజులు పొద్దున్నే ఆ మూల నిలబెట్టాను. మా ఆయన నవ్వాడు. మూడు రోజులు పొగ పడకగది కిటికీ వైపే పోయింది, అప్పుడు నవ్వు ఆగింది. గొట్టం రెండు మీటర్లు పక్కకు జరిగింది.

పత్తి ఇళ్లకు ఇంకో సంగతి. బాయిలర్ వెలిగే కాలం, పత్తి ఇంటికొచ్చే కాలం ఒక్కటే. ఏరి తెచ్చిన పత్తిని మంచి ధర వచ్చేదాకా పంచలో, వరండాలో, ఒక్కోసారి పడకగదిలో కూడా పోసుకుంటాం. ఒక్క నిప్పురవ్వ చాలు. పత్తి లోలోపల గంటల తరబడి రాజుకుంటుంది, పైకి కనపడేసరికి ఆలస్యమైపోతుంది. పత్తి ఉన్న పంచలో బాయిలర్ వద్దు. స్పేర్ సిలిండర్, బండి, పెట్రోల్ సీసా, గడ్డివాము వీటిలో ఏదీ దాని పక్కన వద్దు.

మిర్యాలగూడ వైపు పోయినవాళ్లకు ఉప్పుడు బియ్యం మిల్లుల పొగగొట్టాలు తెలుసు. అక్కడ కూడా బాయిలరే, ఊక మండించి ఆవిరి పుట్టిస్తారు. ఆ బాయిలర్లకు 1923లోనే చట్టం వచ్చింది, దాని స్థానంలో 2025లో కొత్త చట్టం తెచ్చారు. ఇన్‌స్పెక్టర్ పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తేనే నడపాలి. లోపల నీళ్లెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం ఉండాలి, ఒత్తిడి పెరిగితే తనంతట తనే తెరుచుకునే వాల్వ్ ఉండాలి, నడిపే మనిషికి ఆ పని వచ్చి ఉండాలి. మన పెరటి బాయిలర్‌కు ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. కానీ ఆ మూడు ప్రశ్నలూ మనం అడగొచ్చు. నీళ్లున్నాయా? ఆవిరి పోవడానికి దారుందా? వెలిగించేది ఎవరు?

నీళ్ల సంగతి తేలిక. నిండా పోసిన తర్వాతే అగ్గిపుల్ల. ఖాళీ బాయిలర్ కింద మంట పెడితే అతుకులు కరుగుతాయి, డొప్ప కాలిపోతుంది. పొరపాటున ఖాళీగా వేడెక్కిందని తెలిస్తే కంగారుపడి చల్లనీళ్లు గుమ్మరించొద్దు. ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి కొడతాయి. కట్టెలు బయటికి లాగేసి, దూరంగా నిలబడి చల్లారనివ్వాలి.

ఆవిరి దారి దగ్గరే మా ప్లంబర్‌కూ నాకూ గొడవైంది. ఇప్పుడొచ్చే కొత్త రకాలను పైనున్న ట్యాంకుకు కలుపుతారు. నల్లా తిప్పితే వేడినీళ్లు వస్తాయి, మోసే పని లేదు, బాగానే ఉంటుంది. కానీ అప్పుడది గరాటున్న పాత బాయిలర్ కాదు, మూసేసిన పాత్ర. నల్లా కట్టేసి, చల్లనీళ్ల వైపు వెనక్కి పోకుండా నాన్ రిటర్న్ వాల్వ్ బిగిస్తే లోపల మరిగే నీళ్లు ఎటు పోవాలి? కరెంటు గీజర్ అయితే థర్మోస్టాట్ టక్కున ఆపేస్తుంది. కట్టెను ఆపే బటన్ లేదు. అందుకని బాయిలర్ నెత్తిన ఒక పైపు బిగించి, ట్యాంకులో నీటిమట్టం కంటే పైకి తీసుకుపోయి, కొస కిందికి వంచి, తెరిచి వదలాలి. దానికి ఎక్కడా నల్లా గానీ వాల్వ్ గానీ ఉండకూడదు. "అంత అవసరం లేదు వదినమ్మా, అందరికీ ఇట్లనే బిగిచ్చిన, ఎవ్వరన్న అడిగిన్రా?" అన్నాడు. పైపు ఖర్చు మేమే పెట్టుకుంటామన్నా గునిశాడు. ఆ పైపు పెట్టేదాకా నేను డబ్బులివ్వలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అవసరం లేదట! వేడినీళ్లు బయటికొచ్చే చోట మొదటి కొన్ని అడుగులు ప్లాస్టిక్ పైపు వేస్తామన్నా ఒప్పుకోవద్దు. మరిగిన నీళ్లకు అది మెత్తబడుతుంది. ఇనుపదో రాగిదో వేయించండి.

మూడోది, వెలిగించే మనిషి. చాలా ఇళ్లలో పదో తరగతి పిల్ల వెలిగిస్తుంది. స్కూలుకు టైమవుతోందని గబగబా కవరు ముక్కలు కింద పెట్టి, అంటుకోకపోతే కిరోసిన్ ఒంపుతుంది. కింద నిప్పు ఉన్నప్పుడు కిరోసిన్ పోస్తే మంట సీసా దాకా ఎగబాకుతుంది. ఆ పని పెద్దవాళ్లే చేయాలి. నైలాన్ నైటీ, వేలాడే చున్నీ వద్దు, నూలు చీర కట్టుకుని కొంగు దోపుకోవాలి. ప్లాస్టిక్ కవర్లు, పాత చెప్పులు, రబ్బరు, రంగు వేసిన చెక్క, పురుగుమందు డబ్బాలు, మందు కలిపిన కర్రలు బాయిలర్లో వేయొద్దు. చెత్త తగ్గుతుందని వేస్తాం గానీ ఆ పొగ ముందు మన ముక్కుకే. ఎండిన పత్తి కట్టె, కంది కట్టె, మక్కజొన్న బెండ్లు, బత్తాయి తోటల్లో కొట్టేసిన కొమ్మలు, సర్కారు తుమ్మ, ఇవన్నీ మనకు దొరికేవే. పచ్చి కట్టె మాత్రం వద్దు. అది మండదు, ఉడుకుతుంది. దాని పొగ గొట్టం లోపల జిగట తారులా పేరుకుంటుంది. ఆ తారు ఏదో ఒకరోజు గొట్టంలోనే అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న విషయం. బాయిలర్‌ను బయట పెట్టిన ఇళ్లల్లో కూడా నిప్పులు లోపలికి వస్తున్నాయి.

బాయిలర్ ఆరిపోయాక బూడిద అరలో ఎర్రటి నిప్పులు మిగులుతాయి. వాటిని పారేయడానికి ఏ ఇల్లాలికీ మనసొప్పదు. పళ్లెంలో ఎత్తుకుని సాంబ్రాణికో, బాలింత గదిలో కుంపటికో తీసుకుపోతాం. మా తోడికోడలు రెండో కాన్పు పుష్య మాసంలో అయింది. మొదటి నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రాత్రి తల పగిలిపోతోందని, వాంతి వస్తోందని లేచింది. వాంతి చేసుకోవడానికి వాకిట్లోకి తీసుకుపోయాం. అక్కడ కాసేపు కూర్చునేసరికి తేలికపడింది. గదిలోకొచ్చి పడుకుంది, తెల్లవారేసరికి మళ్లీ అదే తలనొప్పి. "పచ్చి ఒళ్లు, చల్లగాలి సోకింది" అని మా అత్తమ్మ చెవుల్లో దూది పెట్టి, కిటికీ సందుల్లో గుడ్డలు దోపి, కుంపట్లో ఇంకో రెండు గరిటెల నిప్పులు వేసింది. ప్రేమతోనే చేసింది. పొద్దున పసిపిల్లను చూడ్డానికొచ్చిన ఆశా కార్యకర్త గదిలో అడుగుపెట్టి ఒకే ప్రశ్న అడిగింది: "బయటికి పోతే తగ్గి, లోపలికొస్తే మొదలవుతుందా అక్కా?" అవునన్నాం. ఆమె మాట్లాడకుండా కుంపటి రెండు చేతులా పట్టుకుని వాకిట్లో పెట్టి, తలుపులు కిటికీలు బార్లా తెరిచింది. తల్లీబిడ్డలను ఆస్పత్రికి తీసుకుపోయి చూపించాం. ఇద్దరూ బాగున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి.

ఆ మధ్యాహ్నం మా అత్తమ్మ నన్ను అడిగిన ప్రశ్న మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. "నేను ఐదుగుర్ని కన్న. ఐదు కాన్పులకూ మంచం కింద నిప్పుల కుండ పెట్టిన్రు. నాకేం గాలేదు, పిల్లలకేం గాలేదు. నీ తోడికోడలుకే ఎందుకైతది?"

అడగాల్సిన ప్రశ్నే అది. జవాబు ఇంట్లో ఉంది. ఆమె కాన్పులు గూన పెంకుల ఇంట్లో అయ్యాయి. ఆ పైకప్పులో పెంకుకూ పెంకుకూ మధ్య వేలు దూరేంత సందులుండేవి, గోడకూ దూలానికీ మధ్య పిచుకలు గూళ్లు పెట్టుకునేవి, తలుపు కింద నుంచి కోడిపిల్ల దూరేది. పుట్టిన విషవాయువు పుట్టినట్టే పైనుంచి పోయేది. ఇప్పుడు పైన స్లాబు, కిటికీలకు గాజు తలుపులు, దోమలు రాకుండా జాలీలు, చలికి దుప్పట్లు అడ్డం. ఇల్లు మారిపోయింది. ఆచారం అక్కడే ఆగిపోయింది. పెద్దవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు, వాళ్ల కుంపటి వాళ్ల ఇంటికి సరిపోయింది. ఇలా చెప్పాక మా అత్తమ్మ చాలాసేపు స్లాబు వైపు చూసింది. "అవు, దీనికి ఊపిరి లేదు" అంది. ఇంత బాగా నాకు చెప్పడం రాలేదు.

ఇంకొక అపోహ. "నిప్పులకు పొగే లేదు కదా, ఇంకేం భయం" అంటారు. నిజం దీనికి తిరగబడి ఉంటుంది. పొగ లేని ఎర్రటి బొగ్గులే కార్బన్ మోనాక్సైడ్‌ను బాగా పుట్టిస్తాయి. పొగ ఉంటే కళ్లు మండి, దగ్గొచ్చి మనమే లేచి బయటికి పోతాం. ఇది నిద్రలోనే పని కానిస్తుంది. కడుపులో బిడ్డకూ, పసిగుడ్డుకూ పెద్దవాళ్లకంటే ముందే హాని చేస్తుంది. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే అది తిండి వల్లో గాలి సోకడం వల్లో అనుకోకండి. ముందు మనుషుల్ని బయటికి తీయండి, తలుపులు తెరవండి, 108కి ఫోన్ చేయండి. తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకుపోవాలి. డాక్టరుకు గదిలో నిప్పులున్న సంగతి తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే ఆయనకు ఆ అనుమానమే రాకపోవచ్చు.

మరి బాలింతకు చలి ఎలా? వేడినీళ్ల స్నానం ఎవరూ వద్దనడం లేదు. అది ఒళ్లు నొప్పులకు హాయి, మనసుకూ హాయి. తల తువ్వాలుతో గట్టిగా తుడిచి, పది గంటల ఎండలో కూర్చోబెట్టి ఆరబెట్టండి. బిడ్డను తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పితే ఏ కుంపటీ ఇవ్వనంత వెచ్చదనం ఉంటుంది. నెలలు నిండని పిల్లలను ఆస్పత్రుల్లో కాపాడేది కూడా ఇలాగే. సాంబ్రాణి వేయకపోతే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరంటారా? తల్లీబిడ్డలు లేనప్పుడు గదిలో వేసి, నిప్పులు బయట పెట్టేసి, గాలి ఆడాక వాళ్లను లోపలికి తీసుకురండి. మా ఇంట్లో ఇప్పుడు అదే పద్ధతి. బాయిలర్ నిప్పులను మూతున్న ఇనుప బకెట్లో ఎత్తి, నీళ్లు చల్లి, మర్నాడు బూడిదగానే తీస్తాను. చల్లారిందనుకున్న బూడిదలో నిప్పు మర్నాటి దాకా దాక్కుంటుంది. ప్లాస్టిక్ తట్టలో ఎత్తితే తట్టకు బొక్క పడుతుంది.

పిల్లల విషయం. బాయిలర్ నీళ్లకు ఇంత వేడి దాటొద్దన్న హద్దు లేదు, కాగితే మరుగుతాయి. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి, పిల్లల చర్మం ఇంకా పల్చన. బకెట్లో ఎప్పుడూ ముందు చల్లనీళ్లు, తర్వాతే వేడినీళ్లు. తిరగేసి చేస్తే చల్లనీళ్లు తెచ్చేలోపు బుడ్డోడు అందులో చెయ్యి పెడతాడు. కాలితే వెంటనే గాజులు, మొలతాడు లాంటివి తీసేసి 20 నిమిషాలు మామూలు నల్లా నీళ్ల కింద పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆస్పత్రికి పోండి.

మా జిల్లాలకే ఉన్న ఇంకో బాధ, నీళ్లు. మర్రిగూడ, మునుగోడు పేర్లు చెప్తే వంకర తిరిగిన కాళ్లు, పచ్చబడ్డ పళ్లు గుర్తొచ్చే రోజులు మనం చూశాం. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పడింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టింది కూడా ఈ బాధ వల్లే. ఇప్పుడు తాగడానికి కృష్ణా నీళ్లు, స్నానానికి బోరు నీళ్లు అని చాలా ఇళ్లలో విడగొట్టుకున్నాం. చలికాలం వచ్చేసరికి ఆ గీత చెరిగిపోతోంది. ఎలాగూ కాగి ఉన్నాయి కదా, గ్యాస్ మిగులుతుందని బాయిలర్ నీళ్లతో చాయ్ పెట్టడం, పిల్లలకు గోరువెచ్చగా తాగించడం చూస్తున్నాను. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. బాయిలర్ నీళ్లు ఒంటికే, నోటికి కాదు. అందులో రోజుల తరబడి నిలవున్న నీళ్లలో లోహం కూడా కలుస్తుంది.

ఆ బోరు నీళ్లే బాయిలర్‌ను కూడా తింటాయి. లోపల తెల్లటి సున్నం పొర కట్టి, నీళ్లు కాగడానికి ముందు అరగంట పట్టేది గంట పడుతుంది. నీళ్లకు వేడి అందదు, డొప్ప మాత్రం ఎర్రగా కాలి పల్చబడుతుంది. "కట్టె ఎక్కువ పడుతోంది" అనిపిస్తే కట్టెను తిట్టకండి, లోపల చూడండి. రాగిదైతే చింతపండు నీళ్లో నిమ్మఉప్పు నీళ్లో ఒక రాత్రి నింపి ఉంచి కడిగితే పొర వదులుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం పోయొద్దు, రేకుదైతే పూతంతా పోతుంది, ఆ ఆవిరి మన గొంతుకు పడుతుంది.

ఇదంతా చదివి "ఇంత తంటా ఎందుకు" అనిపిస్తే మీరు చెప్పేదీ న్యాయమే. ఆస్తమా ఉన్నవాళ్ల ఇంట్లో, గర్భిణి ఒక్కతే ఉండే ఇంట్లో, అపార్ట్‌మెంట్లో, పెరడు లేని అద్దింట్లో బాయిలర్ వద్దు. చేతిలో డబ్బుంటే మన ఎండలకు సోలార్ హీటరే మేలు, ఒకసారి పెట్టుబడి పెడితే పొగా లేదు, కట్టే లేదు. ఆ డబ్బు అందరి దగ్గరా ఉండదు, అందుకే ఇంత రాశాను. బాల్కనీలో పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు వద్దనే. పై ఇంటివాళ్ల కిటికీ సరిగ్గా మీ గొట్టం మీదే ఉంటుంది.

రాగిదా, రేకుదా అనేది అందరూ అడిగే ప్రశ్న. రాగిది తొందరగా కాగుతుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది, పోయినా పాత రాగికి డబ్బులొస్తాయి. కానీ మొదట్లో ధర గట్టిగా ఉంటుంది. జీఐ రేకుది చవక, మా వైపు బోరు నీళ్లకు నాలుగైదేళ్లకు అడుగు చిల్లు పడుతుంది. ఏది కొన్నా దుకాణంలోనే నీళ్లు పోయించి అరగంట ఉంచి, అతుకుల దగ్గర చెమ్మ వస్తోందేమో చూసి తీసుకోండి. మీ అమ్మగారింట్లో అటక మీద పాత రాగిది ఉంటే మాత్రం కొత్తది కొనకండి. అతుకులు పోయించి, జాలీ మార్పించి తెచ్చుకోండి. దసరా సెలవుల్లో పొగగొట్టం విప్పి, పొడవాటి కర్రకు గోనెగుడ్డ చుట్టి లోపలి మసి దులపండి. పోయినేడు మా గొట్టంలోంచి మసితో పాటు కందిరీగల గూడు కూడా పడింది.